కొత్త కలాలకు పాత కొలతలు

సంపాదకులకు,

అయ్యా,

కవిత్వం నేర్చుకునేవాళ్లు పాత కవులను అనుకరించవచ్చా, కూడదా అన్న చర్చ సాహిత్య పేజీల్లో తరచూ వస్తూనే ఉంటుంది. వచ్చినప్పుడల్లా రెండు మాటలే వినిపిస్తాయి. అనుకరిస్తే సొంత గొంతు పోతుందని ఒకరంటారు. పూర్వకవులను ఒంటబట్టించుకోకుండా కవిత్వమేమిటని ఇంకొకరంటారు. ఇద్దరూ చెప్పకుండా వదిలేసేది ఒకటుంది. అనుకరించడానికి కూర్చున్నవాడు చేతులతో చేయవలసిన పని ఏమిటి? ఏ పద్యం తీసుకోవాలి, అందులో ఏం కొలవాలి, ఎన్నాళ్లు చేయాలి, ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది? ఈ ఉత్తరం ఆ సంగతుల గురించే. నిడివి పెరిగింది, మన్నించండి. వీలైతే మధ్యలో కోయకుండా వేయండి. గణాల (గురువు, లఘువు అనే బరువు, తేలిక అక్షరాల గుంపుల) లెక్క సగంలో తెగితే ఎవరికీ పనికిరాదు.

అనుకరణ అభ్యాసమన్నది ఇవాళ పుట్టిన ఆలోచన కాదు. పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు కవికంఠాభరణం అని ఒక చిన్న పుస్తకం రాశాడు. కవి కావాలనుకునేవాడికి అది సాధన పుస్తకం. అర్థంతో నిమిత్తం లేకుండా ఉత్త మాటలతో ఛందస్సు నింపడం అందులో ఒక సాధన. పాత శ్లోకంలో మాటలు మార్చి, ఛందస్సూ భావమూ చెక్కుచెదరకుండా నిలబెట్టడం మరొకటి. రఘువంశంలోని మొదటి శ్లోకాన్నే అలా మార్చి చూపించాడాయన. అరువు తెచ్చుకునేవాళ్లలో మెట్లు కూడా చెప్పాడు. ఇంకొకరి కవిత్వం నీడను మాత్రం పట్టుకునేవాడు ఛాయోపజీవి. మాటలు తీసుకునేవాడు పదకోపజీవి. పాదం తీసుకుంటే పాదోపజీవి, మొత్తం తీసుకుంటే సకలోపజీవి. ఆయనకు ముందే, తొమ్మిదో శతాబ్దంలో, ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగో ఉద్ద్యోతంలో (అధ్యాయంలో) కావ్యాల మధ్య పోలికలను మూడు రకాలుగా విడదీశాడు. అద్దంలో ప్రతిబింబంలాంటి పోలిక, చూసి గీసిన బొమ్మలాంటి పోలిక, ఇద్దరు మనుషుల మధ్య ఉండే పోలిక. మొదటి రెండూ వదిలేయాలి, మూడోది ఉంటే తప్పు లేదన్నాడు. సాధన చేసేవాడికి ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకదు. నోటుబుక్కులో ప్రతిబింబం ఉండవచ్చు, బొమ్మ ఉండవచ్చు. అచ్చుకు పంపేదాంట్లో మాత్రం మూడోదే ఉండాలి.

ఇక అసలు విషయం. కొత్తవాళ్లు కవి వాడిన మాటలను అనుకరిస్తారు. అనుకరించవలసింది కవి వాక్యాన్ని. మాటలు కంటికి కనబడతాయి కాబట్టి ముందు అవే చేతికొస్తాయి. వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో లెక్కపెడితే తప్ప తెలియదు. నన్నయను అనుకరిస్తున్నామనుకుని ప్రతి మాటకూ 'ంబు' తగిలిస్తారు. కృష్ణశాస్త్రిని అనుకరిస్తూ వెన్నెలా కన్నీరూ పోగుచేస్తారు. శ్రీశ్రీ అనగానే ఆశ్చర్యార్థకాలు, సంస్కృత సమాసాల జాబితా. ఇవన్నీ ఆ కవుల వేషాలు, చేతి పని కాదు.

తేడా కంటికి కనబడాలంటే ఒకే వృత్తంలో (ప్రతి పాదంలోనూ గణాలు ఒకే వరసలో వచ్చే ఛందస్సులో) ఇద్దరు కవుల పద్యాలను పక్కపక్కన పెట్టుకోవాలి. ఇది నన్నయది, అరణ్యపర్వంలోని శరద్వర్ణన:

శారద రాత్రులుజ్జ్వల లసత్తర తారక హార పంక్తులం
జారుతరంబులయ్యె వికసన్నవ కైరవ గంధ బంధురో
దార సమీర సౌరభము దాల్చి సుధాంశు వికీర్యమాణ క
ర్పూర పరాగ పాండు రుచి పూరము లంబర పూరితంబులై

ఇది పోతన భాగవతంలో గజేంద్రుడి మొర:

ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపల నుండు లీనమై
యెవ్వని యందు డిందు బరమేశ్వరు డెవ్వడు మూలకారణం
బెవ్వ డనాదిమధ్యలయు డెవ్వడు సర్వము దానయైన వా
డెవ్వడు వాని నాత్మభవు నీశ్వరు నే శరణంబు వేడెదన్

రెండూ ఉత్పలమాలలే. రెంటికీ భ ర న భ భ ర వ గణాలే, పాదానికి ఇరవై అక్షరాలే, యతి (పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరవలసిన చోటు) పదో అక్షరం మీదే. అయినా నడకలో పోలికే లేదు. ఎందుకో లెక్క తీయండి. నన్నయ మొదటి పాదంలో ఉన్నవి రెండే పదాలు. 'శారదరాత్రులు' ఒకటి, మిగిలిందంతా ఒకే సమాసం. క్రియ రెండో పాదం మొదట్లోనే వచ్చేసింది. ఆ తర్వాత పద్యమంతా ఆ క్రియకు వెలుగు పట్టడమే. రెండు పెద్ద సమాసాలు పాదం చివర ఆగకుండా కింది పాదంలోకి దిగాయి, 'కర్పూర' అన్న మాటే రెండు ముక్కలైంది. మొదటి పాదంలో రేఫ (ర ధ్వని) ఆరు చోట్ల ఉంది. ప్రాస (ప్రతి పాదంలోనూ రెండో అక్షరంగా వచ్చే హల్లు) కూడా రేఫే కావడంతో ఆ ధ్వని పద్యం పొడుగునా మోగుతుంది.

పోతన పద్యంలో 'ఎవ్వడు' అన్న ప్రశ్న వివిధ విభక్తుల్లో ఏడుసార్లు వచ్చింది. ప్రాస 'వ్వ' కాబట్టి నాలుగు పాదాలూ ఆ మాటతోనే మొదలవుతాయి. వాక్యాలు చిన్నవి, ఎక్కడికక్కడ తెగుతాయి. ప్రధాన క్రియ ఒక్కటే, 'వేడెదన్'. అది పద్యంలో ఆఖరి మాట. ఏనుగు ఏడుసార్లు తడుముకుని ఎనిమిదోసారి చేయి చాచినట్టు ఉందంటే కారణం భక్తి ఒక్కటే కాదు, క్రియను చివరిదాకా దాచిపెట్టిన వాక్యం కూడా.

పోతన దగ్గర నేర్చుకోవలసింది ఈ దాచిపెట్టడాన్ని. 'జగము', 'ఈశ్వరుడు' అన్న మాటలను కాదు.

దీన్ని సాధనగా మార్చే పద్ధతి ఒకటి చెబుతాను. ఒక పద్యానికి నాలుగు రోజులు పెట్టుకోవాలి.

మొదటి రోజు పద్యాన్ని చేత్తో ఎత్తి రాయాలి. గురులఘువులు గుర్తించి గణాలు విడగొట్టాలి. యతి అక్షరాల కింద గీత గీసి, ప్రాసాక్షరం చుట్టూ సున్న చుట్టాలి. తర్వాత అన్వయక్రమంలో, మామూలు వచనంలో, మన మాటల్లో దాని భావం రాసుకోవాలి. పక్కన నాలుగు అంకెలు వేసుకోవాలి. మొత్తం వాక్యాలెన్ని, ప్రధాన క్రియ ఎన్నో పాదంలో ఉంది, అన్నిటికన్నా పొడుగు సమాసంలో అక్షరాలెన్ని, ఎన్ని పాదాల చివర మాట తెగకుండా కిందికి దిగింది. ఈ నాలుగూ చాలు. అలంకారాల జాబితా మొదటి నెలలో అనవసరం.

రెండో రోజు మూలం చూడకుండా, నిన్న రాసుకున్న వచనం మాత్రమే ముందు పెట్టుకుని, అదే వృత్తంలో పద్యం కట్టాలి. నాలుగు పాదాలూ రాకపోయినా నష్టం లేదు, రెండు నిలబడితే చాలు. అప్పుడు మూలం తీసి పోల్చుకోవాలి. మనం రెండు మాటలు వాడిన చోట కవి ఒక్కటే వాడి ఉంటాడు. మనం క్రియ పెట్టేసి పాదం ముగించిన చోట ఆయన ఇంకా వాక్యాన్ని సాగదీస్తూ ఉంటాడు. ఆ తేడాలను పద్యం పక్కనే రాసుకోవాలి. పాఠం అక్కడే ఉంది.

మూడో రోజు వాక్యం ఎముకల గూడు అలాగే ఉంచి విషయం మార్చాలి. దీనికి ఒక్కటే నియమం: మూలంలోని నామవాచకం ఒక్కటి కూడా తిరిగి రాకూడదు. ఇది కఠినంగా కనిపిస్తుంది గాని ఈ నియమం లేకపోతే మూడో రోజు పని రెండో రోజు పనిగానే మిగిలిపోతుంది.

నాలుగో రోజు పైకి చదివి, వ్యర్థపదాలు కొట్టేయాలి.

పది పద్యాలకు నలభై రోజులు. ఆ పదీ ఒకే కవివి, ఒకే ఛందస్సువి అయి ఉండాలి. ఆ తర్వాత అదే ఛందస్సులో ఇంకో కవి దగ్గరకు వెళ్లాలి. కవినీ ఛందస్సునూ ఒకేసారి మారిస్తే, కొత్తగా తగిలిన ఇబ్బంది కవి వల్ల వచ్చిందో వృత్తం వల్ల వచ్చిందో తెలియదు.

ఈ పద్ధతి ముందుగా చెడేది పద్యం ఎంపికలో. పైన ఇచ్చిన రెండు పద్యాలూ విశ్లేషణకు మంచివి, సాధనకు పనికిరావు. చాలామందికి కంఠస్థం కాబట్టి రెండో రోజు కట్టేది పద్యం కాదు, జ్ఞాపకం. సాధనకు కావ్యం మధ్యలోంచి, ఎవరూ ఎత్తి చూపని కథనపద్యం తీసుకోవాలి. వర్ణన కన్నా ఒక పాత్ర ఇంకో పాత్రతో మాట్లాడే చోటు ఇంకా మంచిది. సంభాషణకు తిక్కనను మించిన బడి లేదు. ఎదుటివాడిని ఎత్తిపొడిచే వాక్యాన్ని ఆయన ఎక్కడ విరుస్తాడో చూడటానికే ఆయన కందాల మీద ఒక నలభై రోజులు పెట్టవచ్చు.

రెండోసారి చెడేది వ్యర్థపదాల దగ్గర. ఇల, ధర, అరయ, మిగుల, కద, సుమ్మి, మరి, ఎల్ల. గణం ఒకటో రెండో మాత్రలు (లఘువుకు ఒకటి, గురువుకు రెండు) తగ్గగానే ఈ మాటలు తలుపు దగ్గర కాచుకుని ఉంటాయి. పరీక్ష తేలిక. మాట తీసేసి వచనంలో చదవాలి. అర్థం మారకపోతే అది వ్యర్థపదం. మొదటి నెల పద్యానికి ఒకటి దాకా క్షమించుకోవచ్చు. రెండో నెల నుంచి ఒక్కటి ఉన్నా పాదం మొత్తం తిరగరాయాలి. ఆ ఒక్క మాట స్థానంలో ఇంకో మాట వెతకడం దండగ, ఎందుకంటే తప్పు సాధారణంగా ఆ మాటకు ముందున్న గణంలో ఉంటుంది.

వృత్తాలతో మొదలుపెట్టడం అందరికీ కుదరదు. ఆటవెలదితో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ, అది మంచిదే. ప్రాస నియమం లేదు, యతి బదులు ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాల పొత్తు) చెల్లుతుంది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాల (మూడు మాత్రలవి) మీద రెండు ఇంద్రగణాలు (నాలుగు, అయిదు మాత్రలవి). రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి నాలుగో గణం మొదటి అక్షరం మీద. వేమన పద్యం ఒకటి చూద్దాం:

ఉప్పు కప్పురంబు నొక్కపోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినురవేమ

మొదటి పాదం: ఉప్పు, కప్పు, రంబు అని మూడు సూర్యగణాలు, నొక్కపో, లికనుండు అని రెండు ఇంద్రగణాలు. ఉకారానికి 'నొ'లోని ఒకారంతో యతి. రెండో పాదంలో 'చూ'కు 'జా'తో అక్షరయతి కుదరదు, అచ్చులు వేరు. అక్కడున్నది చూడ, జాడ అన్న ప్రాసయతి. పద్యం కట్టుబడి ఇలా ఉంది. మొదటి పాదంలో రెండు వస్తువుల పోలిక. రెండో పాదంలో ఆ పోలిక అబద్ధమని తేల్చే తేడా. మూడో పాదంలో మనుషులు. నాలుగోది మకుటం. నీతి ఉన్నది ఒక్క పాదంలో. దానికి ముందు రెండు పాదాలూ నాలుకకు తెలిసిన వస్తువులే. వేమనను అనుకరించేవాళ్లు ఈ నిష్పత్తిని తలకిందులు చేస్తారు. మూడు పాదాల్లోనూ ఉపదేశం పెట్టి, చివర వేమన మకుటం తగిలిస్తారు. మకుటం తగిలించగానే పద్యం పూర్తయినట్టు చెవికి భ్రమ కలుగుతుంది. అందువల్ల సాధనలో ఆ మకుటం నిషిద్ధమనుకోవాలి. అది వేమన సంతకం. పైగా అది లేకపోతే ఒక పాదం ఖాళీ మిగులుతుంది, దాన్ని నింపడంలోనే పని తెలుస్తుంది.

అదే కట్టుబడిలో, మకుటం లేకుండా, మచ్చుకు ఒకటి:

నీడ చెట్టు రూపు నిలువెల్ల గీస్తుంది
పూయలేదు కాయ మోయలేదు
మాటతీరు నొకరి మాదిరి చేసినా
మనసు నరువు తెచ్చు మాట కల్ల

గొప్ప పద్యమని కాదు, లెక్క చూడటానికి. 'నీ'కి 'ని'తో యతి. రెండో పాదంలో పూయ, మోయ అని ప్రాసయతి, వేమన చూడ, జాడ పెట్టిన చోటే. 'గీస్తుంది' త గణం, ఇంద్రగణాల్లో ఒకటి. అక్కడ 'గీయును' అన్నా భ గణమై సరిపోతుంది. చాలామంది వాడుక భాష గణాల్లో ఇమడదనుకుని ముందే 'గీయును' దగ్గరకు పరుగెత్తుతారు. ఇమడదని లెక్క కట్టి తేల్చుకున్న తర్వాతే పాత రూపానికి వెళ్లాలి. 'మాటతీరు నొకరి', 'మనసు నరువు' అన్న చోట్ల నకారం ద్వితీయా విభక్తి వల్ల వచ్చింది. చాలామంది పద్యంలా వినిపించాలని ప్రథమా విభక్తి మీద కూడా ఈ నకారం తగిలిస్తారు, అది తప్పు. ఇక లోపం: మూడు, నాలుగు పాదాలు రెండూ నీతికే పోయాయి. వేమన ఒక పాదంలో ముగించిన దానికి రెండు పట్టాయి. దిద్దవలసి వస్తే నాలుగో పాదంలో మళ్లీ ఒక వస్తువును తేవాలి.

యతి దగ్గర అందరూ చేసే పొరపాటు ఒక్కటే. హల్లు సరిచూసుకుంటారు, అచ్చును వదిలేస్తారు. 'క'కు 'గా'తో కుదురుతుంది, 'గి'తో కుదరదు. అ ఆ ఐ ఔ ఒక జట్టు. ఇ ఈ ఎ ఏ ఒక జట్టు, ఋకారం వీటితోనే. ఉ ఊ ఒ ఓ ఒక జట్టు. హల్లుతో పాటు ఈ జట్టు కూడా కలిస్తేనే యతి. ప్రాస దగ్గర ఇబ్బంది వేరు. మొదటి పాదం అందంగా వచ్చిందని అరుదైన సంయుక్తాక్షరాన్ని ప్రాసగా పెట్టుకుంటారు. రెండో పాదం ఎలాగో వస్తుంది, మూడో పాదంలో నిఘంటువు తెరుస్తారు, నాలుగో పాదంలో అర్థాన్ని వదిలేస్తారు. పద్యం మొదలుపెట్టక ముందే ఆ ప్రాసకు పన్నెండు మాటలు కాగితం మీద రాసుకోగలిగితేనే ఆ ప్రాస పెట్టుకోవాలి. న, ర, ల, ద లాంటి ఒంటి హల్లులు మొదట్లో చాలు. పోతన పద్యంలో ఇంకో కిటుకు ఉంది. తిరిగి తిరిగి రావలసిన మాటలోనే ప్రాస పెడితే వెతుకులాట ఉండదు. 'ఎందుకు' అన్న ప్రశ్న మీద పద్యం కడితే 'ందు' ప్రాస దానంతటదే వస్తుంది.

కందం సంగతి కొంచెం చెప్పాలి. 'కందం రాసినవాడే కవి' అన్న నానుడికి కారణం ఆరో గణం. రెండేసి పాదాలను ఒక సగంగా తీసుకుంటే సగానికి ఎనిమిది గణాలు, అన్నీ నాలుగు మాత్రలవే: గగ (రెండు గురువులు), భ (గురువు, రెండు లఘువులు), జ (లఘువు, గురువు, లఘువు), స (రెండు లఘువులు, గురువు), నల (నాలుగు లఘువులు). ఒకటి, మూడు, అయిదు, ఏడు స్థానాల్లో జగణం రాకూడదు. ఆరో స్థానంలో జగణమో నలమో తప్ప ఇంకేదీ రాకూడదు. ఎనిమిదో గణం గురువుతో ముగియాలి కాబట్టి అక్కడ గగ గాని స గాని ఉండాలి. యతి రెండో పాదంలో, ఆ పాదం లెక్కలో మొదటి గణానికీ నాలుగో గణానికీ మధ్య. కొత్తవాళ్లు మొదటి నుంచి వరసగా నింపుకుంటూ వచ్చి ఆరో గణం దగ్గర ఇరుక్కుంటారు. ముందు ఆరు, ఏడు, ఎనిమిది గణాలకు సరిపోయే మాటలు రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి నింపుకుంటూ రావడం తేలిక. వాక్యం క్రియతో ముగిసే భాష కాబట్టి ఆ చివరి మూడు గణాల్లోకి క్రియ సహజంగానే వచ్చి కూర్చుంటుంది.

గణాలంటే భయపడేవాళ్లకు గురజాడ ఉన్నాడు. 1910లో ఆయన తెచ్చిన ముత్యాల సరాలకు గణాలు, యతి, ప్రాస ఏవీ అక్కర్లేదు. మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రల నడక చాలు. దేశభక్తి గీతంలోని నాలుగు పాదాలను విడగొడితే:

దేశ | మును ప్రే | మించు | మన్నా
మంచి | యన్నది | పెంచు | మన్నా
వొట్టి | మాటలు | కట్టి | పెట్టోయ్
గట్టి | మేల్ తల | పెట్ట | వోయ్

మొదటి మూడు పాదాలకూ పద్నాలుగేసి మాత్రలు. నాలుగో పాదానికి పన్నెండే. చివర రెండు మాత్రల ఖాళీ ఉంది. ఆ ఖాళీలోనే మాట నిలుస్తుంది, వినేవాడు తల ఎత్తుతాడు. అనుకరించేవాళ్లు మూడు పాదాలనూ సరిగ్గా పట్టుకుని ఈ నాలుగో దాన్ని కూడా పద్నాలుగు మాత్రలతో నింపేస్తారు. అప్పుడది ఆగకుండా దొర్లిపోతుంది. ఇంకొకటి గమనించండి. మించు, పెంచు, కట్టి, పెట్ట అన్నవి నాలుగు పాదాల్లోనూ మూడో ముక్కలోనే ఉన్నాయి, రెండేసి చొప్పున ఒకదానితో ఒకటి మోగుతున్నాయి. ఈ రెండు గుణాలూ పట్టుకుని కట్టిన మచ్చు, నాలుగో పాదంలో మాత్రం మోత కుదరలేదు:

పాత | పాటను | పట్టి | చూడుము
కొత్త | గొంతుక | పుట్టు | దాకా
అడుగు | లడుగున | పెట్టి | నడిచిన
దారి | కాళ్లకు | తెలియు | రా

ఇక్కడ 'చూడుము' తీసి 'చూడండి' అని పెట్టి చదవండి. నాలుగు మాత్రలు ఉండాల్సిన చోట అయిదు పడి, నాలుక తడబడుతుంది. వేళ్ల మీద లెక్క రాకపోయినా చప్పట్లతో చదివితే చాలు, చప్పట్లకు అందని మాట వెంటనే దొరికిపోతుంది. మచ్చులో మూడో పాదం లఘువులతో నిండి పరుగెత్తుతోంది, గురజాడ పాదాలకున్న బరువు దానికి లేదు. ఇలాంటి తేడాను 'అనుభూతి' పేరుతో వదిలేయకుండా లెక్కపెట్టాలి. గురజాడ మొదటి పాదంలో అయిదు గురువులు, మచ్చులోని మూడో పాదంలో ఒక్కటి.

వచన కవిత రాసేవాళ్లు 'మాకు గణాలు లేవు, మేమేం కొలవాలి' అంటారు. కొలవడానికి చాలా ఉంది. తిలక్ కవిత ఒకటి తీసుకోండి. పంక్తుల విరుపులన్నీ తీసేసి ఒకే పేరాగా రాసుకుని రెండు రోజులు పక్కన పెట్టండి. మూడో రోజు మీకు తోచిన చోట పంక్తులు విరవండి. తర్వాత అచ్చు పుస్తకంతో పోల్చండి. సగానికి పైగా విరుపులు వేరే చోట పడితే, కవి ఒక్కో పంక్తిని ఏ మాటతో ముగించాడో వరసగా రాయండి. అవి క్రియలా, నామవాచకాలా, విశేషణాలా? విశేషణంతో పంక్తి ముగిస్తే పాఠకుడు తర్వాతి పంక్తిలోకి జారతాడు. క్రియతో ముగిస్తే ఆగుతాడు. కొత్త కవితల్లో పంక్తులు చాలావరకు క్రియల దగ్గరే ఆగుతాయి, అందుకే అవి నివేదికల్లా వినిపిస్తాయి. ఇంకో కొలత, పది పంక్తులకు ఎన్ని ఉపమానాలు. అనుకరించేవాడు ఎప్పుడూ మూలకవి కన్నా ఎక్కువ ఉపమానాలు వాడతాడు. అతన్ని ఆకట్టుకున్నవి అవే కాబట్టి. వాటి మధ్య ఆ కవి వదిలిన సాదా వాక్యాలు అతనికి కనబడవు. ఆ సాదా వాక్యాలను వేరే రంగు సిరాతో గుర్తు పెట్టుకుని, మన రచనలో కూడా అన్ని ఉన్నాయో లేదో చూసుకోవాలి.

అనుకరణ ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే ఎర్రన దగ్గరకు వెళ్లాలి. నన్నయ రచన అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో, పైన ఇచ్చిన శరద్రాత్రుల దగ్గరే ఆగిపోయింది. తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో మిగిలిన భాగాన్ని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించి, రాజరాజనరేంద్రుడికే అంకితం ఇచ్చాడు, నన్నయే పూర్తి చేసినట్టుగా. నన్నయ ధోరణితో ఎత్తుకుని తిక్కన ధోరణిలోకి దించాడని విమర్శకులంటారు. ఒక కవి రెండు శైలుల మధ్య వంతెన కట్టి, చివరకు తన శైలితో నిలబడ్డాడు. ఇటీవలి కాలానికి వస్తే, శ్రీశ్రీ మొదటి పుస్తకం ప్రభవ 1928లో వచ్చింది. అది భావకవుల బడిలో రాసింది. జాషువా గబ్బిలం 1941లో వచ్చింది. కాళిదాసు మేఘసందేశం కట్టుబడిని ఆయన తీసుకున్నారు. యక్షుడి స్థానంలో అస్పృశ్యుడు, మేఘం స్థానంలో గబ్బిలం, ప్రియురాలి స్థానంలో కాశీ విశ్వనాథుడు. కట్టుబడి అదే. ఆ మూడు చోట్లా పాత నామవాచకం ఒక్కటీ మిగల్లేదు. మూడో రోజు నియమం ఎందుకని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

వ్యంగ్యానుకరణ, అంటే పేరడీ, మంచి సాధనే గాని ముందు చేయవలసింది కాదు. కవి అలవాట్లను పెద్దవి చేసి చూపడం దాని పని. అలవాట్లు పట్టుకోవడం నిర్మాణం పట్టుకోవడం కన్నా సులువు. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరడీలు నిలిచాయంటే, ఆయన ఎగతాళి చేసిన కవుల ఛందస్సు ఆయన చేతిలో అంత కచ్చితంగా ఉండటం వల్ల.

ఎప్పుడు ఆపాలి? ఒక కవి దగ్గర మూడు నెలలకు మించి ఉండకూడదు. పదో పద్యం మొదటిదాని కన్నా తేలికగా వచ్చేస్తోందంటే, అది నేర్చుకున్నామనడానికి గుర్తు కావచ్చు, ఆ కవి వాక్యం మనకు తెలియకుండానే మన చేతినుంచి వస్తోందనడానికీ గుర్తు కావచ్చు. ఏదో తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. అదే విషయాన్ని ఇద్దరు కవుల పద్ధతుల్లో రాసి, పేర్లు లేకుండా చదివేవాడి చేతికివ్వాలి. ఏది ఎవరి పద్ధతో అతను చెప్పగలగాలి. చెప్పలేకపోతే రెండూ మన అలవాటుతోనే రాశామన్న మాట. అలవాటు సొంత గొంతు కాదు, ఇంకా కుదురుకోని అనుకరణ.

ఇక మీ పత్రికకు ఒక విన్నపం. సాహిత్య పేజీలో వారానికి అరకాలమ్ ఈ సాధనకు ఇవ్వండి. అంతగా ప్రసిద్ధం కాని పాత పద్యం ఒకటి, దాని గణ విభజన, పైన చెప్పిన నాలుగు అంకెలు, నాలుగైదు పంక్తుల్లో అన్వయం వేయండి. పాఠకులకు పదిహేను రోజుల గడువు పెట్టి అదే కట్టుబడిలో వేరే విషయం మీద రాసి పంపమనండి. వచ్చినవాటిలో ఒకటి మూలంతో పక్కపక్కనే వేసి, 'అనుకరణ సాధన' అని పైన స్పష్టంగా రాయండి. ఆ మాట లేకుండా వేస్తే దొంగతనం ఆరోపణలతో మీ ఉత్తరాల పేజీ నిండిపోతుంది. మూలకవి మకుటం వాడిన రచనలు తీసుకోవద్దు. తప్పిన పద్యం కూడా ఒకటి, రాసినవారి పేరు లేకుండా, ఏ గణం దగ్గర తప్పిందో చూపించి వేయండి. నేర్చుకునేవాళ్లు బాగున్నదాని కన్నా దాన్నే ఎక్కువసార్లు చదువుతారు. వచన కవితకు నెలలో ఒక వారం కేటాయించవచ్చు, ఆ వారం గణ విభజనకు బదులు పంక్తుల చివరి మాటల వరస వేస్తే సరిపోతుంది.

అచ్చుకు సంబంధించి ఒక్క మాట. గురులఘువుల గుర్తులు అక్షరాల నెత్తిన సరిగా కూర్చోవు, పక్క అక్షరం మీదికి జరిగిపోతాయి. ఒక్క గుర్తు జరిగితే పాదమంతా తప్పవుతుంది. వాటికి బదులు ఈ ఉత్తరంలో వేసినట్టు గణానికీ గణానికీ మధ్య నిలువు గీత వేయించి, గణం పేరు కింది పంక్తిలో పెట్టించండి.

ఇట్లు,
ఒక పద్యాభ్యాసకుడు